మీట మీద చెయ్యి

ఆ పేటలో ఏ సభ జరిగినా ముందు వినిపించే గొంతు అతనిదే. "హలో... హలో... చెక్... చెక్..." అని. ఆ తరవాత ఎంతటి మహానుభావుడు వచ్చినా అతను సరిచేసి ఇచ్చిన మైకులో మాట్లాడవలసిందే. అందుకని పిల్లలు అతనికి హలో మావయ్య అని పేరు పెట్టేశారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. హలో అంటే పలికేవాడు. పలకడమేమిటి, మురిసిపోయేవాడు.

అతని కొట్టు ప్రభుత్వ కాలేజీ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. చెప్పులు కుట్టే అతనికీ జిరాక్సు కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది. లోపల గోడకు వైర్ల చుట్టలు, మూలన ఒకదాని మీద ఒకటి స్పీకర్లు, బల్ల మీద నల్ల టేపు, ఎప్పుడూ వెలుగుతుండే చిన్న ఎర్ర దీపంతో ఆంప్లిఫయరు. కుర్రతనంలో ఇంకొకరి మైకు సెట్టు భుజాన మోసి, వాళ్ళ తిట్లు తిని, చివరికి సొంత సెట్టు కొనుక్కున్నాడు. వస్తువంటే ప్రాణం అతనికి. వైరును ఎవరైనా మోచేతికి చుట్టారో, అయిపోయారన్నమాటే. "అది వైరయ్యా, ఊలు కాదు! మెలి పడితే లోపల తెగుతుంది" అని లాక్కుని, విప్పి, నేల మీద వరసలు వరసలుగా తనే చుట్టుకునేవాడు.

అతని సెట్టు సభ మధ్యలో ఆగిపోవడమన్నది ఎవరూ చూడలేదు. స్పీకర్లు కుయ్యిమని అరవడం గానీ, గొంతు బొంగురు పోవడం గానీ లేదు. కాలేజీ వాళ్ళు ఏటా అతనికే పని అప్పగించేవారు. ఇల్లు గడిచేది దాని మీదే. భార్య ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. ఒక్కతే కూతురు, ఆ కాలేజీలోనే రెండో సంవత్సరం.

ఇంత చక్కటి మనిషికి ఒక పాడు విద్య కూడా వచ్చు. అదెలా పట్టుబడిందో చెప్తాను, వినండి.

కాలేజీ సూపరింటెండెంటు గారు పదవిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక వీడ్కోలు సభ జరిగింది. ముఖ్య అతిథి మైకు పట్టుకున్నాడంటే వదిలే రకం కాదు. తన చిన్నతనం దగ్గర మొదలుపెట్టి ఎంతకీ పెళ్ళిదాకా రావడం లేదు. భోజనాలు చల్లారిపోతున్నాయి. వెనక వరసల్లో గురకలు. వేదిక మీద కూర్చున్న సూపరింటెండెంటు గారు ఇక ఉండబట్టలేక కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుని, పక్కన సెట్టు దగ్గర కూర్చున్న మావయ్య వైపు దీనంగా చూశారు. మావయ్యకు జాలేసింది. సెట్టులో గొంతు పెంచి తగ్గించే మీట మీద చెయ్యి వేసి, ఎవరికీ తెలియకుండా, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. అతిథి తన గొంతే పోయిందనుకున్నాడు పాపం. దగ్గాడు, మంచినీళ్ళు తాగాడు, చివరికి అందరికీ దణ్ణం పెట్టి కూర్చున్నాడు. చప్పట్లే చప్పట్లు! సూపరింటెండెంటు గారు వెనక గదిలోకి వెళ్ళి పొట్ట పట్టుకుని నవ్వారు. "నువ్వు సామాన్యుడివి కాదయ్యోయ్!" అని వీపు తట్టారు.

ఆ కథను మావయ్య ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అతిథిలా దగ్గి, సూపరింటెండెంటు గారిలా కళ్ళజోడు తీసి చూపించేవాడు. చిన్నప్పుడు కూతురు పడీ పడీ నవ్వేది. "మళ్ళీ చెప్పు నాన్నా" అనేది.

అలా సరదాకి మొదలైంది కాస్తా అలవాటైపోయింది. కళ్ళజోడు తీస్తే గొంతు తగ్గాలి. దీని గురించి ఇద్దరూ ఒక్కసారి కూడా నోరు విప్పి మాట్లాడుకోలేదు. అవసరమేముంది? సోది మాటలవాళ్ళ మీద తీసిన కళ్ళజోడును తరవాత్తరవాత వేరేవాళ్ళ మీద కూడా తీశారు. హాస్టల్లో నీళ్ళు రావడం లేదన్న కుర్రాడి మీద తీశారు. స్కాలర్‌షిప్పులు ఎందుకు ఆలస్యమయ్యాయని అడిగిన ఒక తల్లి మీద తీశారు. మావయ్య అప్పుడూ తగ్గించాడు. ఆ కుర్రాడు ఏమన్నాడో, ఆ తల్లి ఏమడిగిందో అతను చెవిన పెట్టలేదు. మాటలు వాళ్ళవి, మీట తనది. అంతే అనుకున్నాడు. మనిషి మంచివాడేనండీ, కాదనను. కానీ మొహమాటం ఉంది చూశారూ, అది మంచివాళ్ళనే పట్టుకుంటుంది.

ఆ ఏడు కాలేజీలో ఫీజు పెంచుతామన్నారు.

ప్రభుత్వ కాలేజీ గనక ఇష్టమొచ్చినట్టు పెంచేయడానికి లేదు. అందరికీ తెలిసేలా ముందు ప్రకటించాలి. ఎందుకు పెంచుతున్నారో, వచ్చింది దేనికి ఖర్చు పెడతారో విప్పి చెప్పాలి. బహిరంగ సభ పెట్టి, చదివే పిల్లలు, కన్నవాళ్ళు, దారినపోయేవాళ్ళు, ఎవరు లేచి మాట్లాడినా వినాలి. విన్న ప్రతి మాటా రికార్డు చెయ్యాలి. ఆ రికార్డు విన్నాకే పైనున్న బోర్డు అవునో కాదో తేల్చాలి. రూలు అది. రికార్డులోకి ఎక్కని మాట అసలు అననట్టే లెక్క. రికార్డు చేసే పెట్టె ఉండేది మన మావయ్య సెట్టులోనే. మీట తగ్గితే బయట స్పీకర్లతో పాటు లోపల రికార్డూ మూగబోతుంది.

కాలేజీ వాళ్ళు ప్రకటన అంటించారు, కాదనడానికి లేదు. ఆఫీసు మెట్ల కింద, నీళ్ళ డ్రమ్ము వెనకాల అంటించారు. అది కూతురి కంట పడింది. తన పక్క బెంచీ స్నేహితురాలిని వెంటబెట్టుకుని తరగతి తరగతికీ తిరిగి చెప్పింది. ఆ స్నేహితురాలు తెల్లవారుజామునే బేకరీలో పని చేసి, అటునుంచి అటే కాలేజీకి వచ్చే పిల్ల. అందరూ బ్రెడ్డు పిల్ల అంటారు. ఫీజు పెరిగితే తను చదువు మానేయడమే, వేరే దారి లేదని ఆ పిల్ల ఏడవకుండా చెప్పింది. అలాంటి వాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉన్నారు.

సభ రోజు పొద్దున్న కూతురు టీ గ్లాసు చేత్తో పట్టుకుని తండ్రి ముందుకొచ్చింది.

"నాన్నా, ఇవాళ నేను కూడా మాట్లాడతా."

"నువ్వా!" అన్నాడు మావయ్య. నలుగురిలో నోరు మెదపని పిల్ల అది. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటుకు వెళ్ళిపోయే రకం.

"నేనే. బ్రెడ్డు పిల్ల మాట్లాడితే బేకరీ యజమానికి తెలుస్తుంది, కాలేజీకొస్తోందని పని తీసేస్తాడట. అందుకని ఇద్దరి తరఫునా నేనే అడుగుతా. మైకు నీదేగా, నాకు భయం లేదులే."

లోపల మిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి, "గట్టిగా అడుగమ్మా. నీళ్ళు నమలకు" అంది. మావయ్య ఛాతీ పొంగిపోయింది. మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలో, ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో అరచేతిని మైకులా పెట్టి నేర్పించాడు.

హాలు నిండింది. ఇంతమంది వస్తారని కాలేజీ వాళ్ళు అనుకోలేదు. వేదిక మీద ప్రిన్సిపాలు, పక్కన సూపరింటెండెంటు గారు. వాళ్ళ ముందు ఒక మైకు, కింద జనం మాట్లాడడానికి ఇంకో మైకు, దేని మీట దానిదే. మావయ్య వేదిక పక్క మూలలో సెట్టు ముందు కూర్చున్నాడు. ప్రిన్సిపాలు గారు ఫీజు పెంచడం పిల్లల మేలు కోసమేనని, లేబొరేటరీకి కొత్త పరికరాలు వస్తాయని సెలవిచ్చారు. తరవాత ఒక లారీ డ్రైవరు లేచాడు. "అయ్యా, నాకు ఇద్దరు పిల్లలు..." అన్నాడో లేదో, కళ్ళజోడు తీశారు. మావయ్య చెయ్యి దానంతటదే వెళ్ళింది. డ్రైవరు మైకును రెండుసార్లు తట్టి, ఇదేదో తనకు అచ్చిరాని వస్తువనుకుని కూర్చున్నాడు. ఇంకొకావిడ లేచింది. ఆవిడకూ అంతే అయింది.

తరవాత కూతురు వచ్చింది. మావయ్య మీట మళ్ళీ పెంచాడు.

మొదటి మాటకు గొంతు వణికింది. రెండో మాటకు నిలబడింది. "పోయిన ఏడు కూడా లేబొరేటరీ పేరు చెప్పే తీసుకున్నారు సార్. ఆ గది తాళం ఇప్పటిదాకా తీయలేదు. ముందు తీసుకున్నది ఏమైందో చెప్పండి. ప్రకటన నీళ్ళ డ్రమ్ము వెనకాల ఎందుకు పెట్టారో చెప్పండి. ఎంతమంది చదువు మానేస్తారో లెక్క చూసుకున్నారా? చూసుకుంటే అది మాకు కూడా చూపించండి" అంది. హాలంతా నిశ్శబ్దంగా వింది. అబ్బ, ఆ క్షణాన మావయ్యకు ఒళ్ళు పులకరించింది. నా కూతురే, నా మైకే అనుకున్నాడు.

అప్పుడు సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీశారు.

మావయ్య చూడనట్టు తల తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. ఆయన కళ్ళజోడు తుడుస్తూ ఇటే చూస్తున్నారు. కనుబొమ్మలు కొంచెం పైకి లేచాయి, ఏమయ్యా అన్నట్టు. పిల్లకు గొంతు బాగానే ఉంది, మైకు లేకపోయినా వినపడుతుందిలే అనుకున్నాడు మావయ్య. ఆయనతో తరవాత మాట్లాడుకోవచ్చు అనుకున్నాడు. ఇంతమంది ముందు పెద్దమనిషి మాట ఎలా తీసేయడం అనుకున్నాడు. అనుకుంటూనే తిప్పేశాడు. ఛీ! ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించదూ? తెలియక చేశాడంటే సరే. అది ఎవరి గొంతో అతనికి తెలియకనా? ఆ గొంతు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో మొదట విన్నవాడు అతనే.

"...బేకరీలో పనిచేసి వచ్చే..." అన్న మాట సగంలో తెగిపోయింది. అమ్మాయి పెదవులు కదిలాయి. హాల్లోకి ఏమీ రాలేదు. తను మైకు వైపు చూసింది. వేదిక వైపు చూడలేదు. సూటిగా తండ్రి ఉన్న మూలకు తిరిగి, హాలంతా వినేలా నోరు పెద్దది చేసి పిలిచింది.

"నాన్నా! మైకు పోయింది, చూడవూ!"

ఆ పిలుపులో కోపం లేదు, అనుమానం లేదు. లేచి వస్తాడు, బాగు చేస్తాడు, మళ్ళీ మాట్లాడొచ్చు అన్న ధీమా ఉంది. జనమంతా తలలు తిప్పి చూశారు. మావయ్యకు తల తీసేసినట్టయింది. లేచాడు. ఏ రోగమూ లేని వైరును చేత్తో పట్టుకుని, దాని పొడవునా తడుముకుంటూ, వంగి, కూతురి కాళ్ళ దాకా వచ్చాడు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. "ఏమైంది నాన్నా?" అని కూతురు మెల్లగా అడిగితే, "ఏమో అమ్మా, చూస్తున్నా" అన్నాడు. తల ఎత్తలేదు.

ఇంతలో వేదిక మీది మైకు మాత్రం గలగలా మోగింది. సాంకేతిక లోపం వల్ల సభ ముగిస్తున్నామని, అందరి మనసులోని మాటా తమకు అర్థమైందని ప్రిన్సిపాలు గారు చెప్పారు.

వైర్లు చుట్టుకుంటుంటే సూపరింటెండెంటు గారు దగ్గరికి వచ్చారు. భుజం మీద చెయ్యి వేశారు. "ఎంత విశ్వాసమయ్యా నీది! సొంత కూతురని కూడా చూడలేదు. నీలాంటివాడు ఒక్కడుంటే చాలు నాకు. ఎవరడిగినా సెట్టు పాడైందనే చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. మావయ్య ఆ రోజు జీవితంలో మొదటిసారి వైరును మోచేతికి చుట్టుకుని బయటపడ్డాడు.

ఇంటికి వెళ్ళే దారిలో కూతురే అతన్ని ఓదార్చింది. "పోనీలే నాన్నా, వస్తువన్నాక పాడవదా? అంతమందిలో నీ పరువు పోయింది కదా పాపం. అదే నాకు బాధగా ఉంది" అంది. ఇంటికి చేరాక మావయ్య అన్నం ముందు కూర్చుని కలిపిందే కలిపాడు. "మైకు పోతే మనిషి పోయినట్టు అలా అయిపోతావేంటి?" అని భార్య కసిరింది.

పిల్లలు ఊరుకోలేదు. మా మాటలు రికార్డు కాలేదు, మళ్ళీ సభ పెట్టండి అని బోర్డుకు వెళ్ళి చెప్పారు. బోర్డు అధ్యక్షురాలు తనే కాలేజీకి వస్తానంది. సెట్టు దానంతటది పాడైతే ఎవరి తప్పూ కాదు, జరిగిన సభ జరిగినట్టే. ఎవరైనా కావాలని గొంతు నొక్కి ఉంటే మాత్రం ఆ సభ చెల్లదు. ఆ సంగతి మైకు అతన్నే అడిగి తేల్చుకుంటానంది. కాలేజీ పిల్లలందరి చదువూ వచ్చి హలో మావయ్య నాలుక మీద కూర్చుంది.

ఆవిడ వచ్చే ముందురోజు మధ్యాహ్నం కూతురు కొట్టుకు వచ్చింది. వస్తూనే కుర్తా చేతులు పైకి మడుచుకుంది.

"రా నాన్నా, ఇద్దరం కలిసి చూద్దాం. ఎక్కడ పాడైందో రేపు ఆవిడకి చూపించాలిగా."

"ఎందుకమ్మా, నేను చూసుకుంటాలే."

"ఎప్పుడు చూస్తావు? ఆ రోజునుంచి దాని మొహమే చూడ్డం లేదు నువ్వు."

తనే ప్లగ్గు పెట్టింది. మైకు చేతిలోకి తీసుకుని "హలో" అంది. అంతే! కొట్టు దద్దరిల్లింది. పక్కన చెప్పులు కుట్టే అతను ఉలిక్కిపడి తొంగి చూశాడు. అమ్మాయి నవ్వబోయి ఆగింది. ఇంకోసారి "హలో" అంది. ఇంకా బాగా పలికింది.

"బాగానే ఉందే?"

"అక్కడ కరెంటు ఏదో..."

"ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయిగా. ప్రిన్సిపాలు గారి మైకు కూడా మోగిందిగా."

మావయ్య బల్ల మీద నల్ల టేపు తీసి, అటు పెట్టి, మళ్ళీ ఇటు పెట్టాడు. కూతురు మైకును బల్ల మీద పెట్టేసింది. చిన్నప్పుడు పడీ పడీ నవ్విన కథ తనకు గుర్తుకొస్తోందని అతనికి తెలిసిపోతూనే ఉంది.

"సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీశారు కదూ?" అంది చివరికి.

తల ఊపాడు.

"డ్రైవరుగారికి కూడానా?"

ఊపాడు.

"నేనని తెలిసేనా?"

ఇక్కడ ఒక అబద్ధం ఆడి ఉంటే బతికిపోయేవాడు. చూసుకోలేదమ్మా, చెయ్యి అలవాటుకొద్దీ వెళ్ళిపోయింది అంటే నమ్మేది. నమ్మాలనే చూస్తోంది పిల్ల. ఆ చూపే అతన్ని అబద్ధమాడకుండా చేసింది.

"తెలిసే" అన్నాడు.

అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. ప్లగ్గు తీసేసి, వైరు నేల మీద పరిచి, తండ్రి నేర్పినట్టే మెలి పడకుండా చుట్టి గోడకు తగిలించింది. గుమ్మం దిగబోతూ ఆగి, "అమ్మకి చెప్పకు. అమ్మ తట్టుకోలేదు" అంది. అప్పుడు కూడా అతని పరువు కాపాడాలనే చూసింది. మావయ్య కొట్టులోని స్టూలు మీద కూర్చుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, పట్టపగలు, నడిరోడ్డు కనిపిస్తుండగా ఏడ్చాడు.

మర్నాడు ప్రిన్సిపాలు గదిలో అధ్యక్షురాలు కూర్చుంది. ఒక పక్క సూపరింటెండెంటు గారు, ఒక పక్క పిల్లల తరఫున నలుగురు, అందులో కూతురు. మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ సెట్టు ఆ రోజు పాడైందా?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ. నా సెట్టు బంగారం. నేనే తగ్గించాను."

గదిలో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. "ఎందుకు?" అందావిడ.

"సార్ కళ్ళజోడు తీస్తే తగ్గించాలండీ. ఎన్నో ఏళ్ళుగా అదే అలవాటు. సార్ నోటితో చెప్పలేదు. నేను కూడా అడగలేదు. నేను తగ్గించనంటే సార్ చేసేదేమీ లేదు. కాబట్టి తప్పు నాదేనండీ."

సూపరింటెండెంటు గారి చెయ్యి కళ్ళజోడు దాకా వెళ్ళి, గతుక్కుమని కిందికి దిగింది.

"మీరు తగ్గించినప్పుడు ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఒక డ్రైవరు గారు. ఇంకొకావిడ. తరవాత..." అని ఆగాడు. గోడ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. కూతురు ఉన్నవైపు మాత్రం చూడలేకపోయాడు. "తరవాత మా అమ్మాయండీ."

రాసుకుంటున్న ఆవిడ కలం ఆగింది. తల ఎత్తి అతన్ని చూసింది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండును అనిపించింది మావయ్యకు. ఆవిడ ఆ సభ చెల్లదని, మళ్ళీ పెట్టి తీరాలని, ప్రకటన గేటు దగ్గర అంటించాలని, లేబొరేటరీ ఖర్చుల లెక్క ముందుగానే అందరి చేతికీ ఇవ్వాలని చెప్పి లేచింది.

కాలేజీ పని అతని చేతిలోంచి పోయింది. పోకేం చేస్తుంది? భార్యకు వీధి చెప్పేసింది, కూతురు చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మిషను మాత్రం ఆగకుండా తొక్కింది. మూడో రోజున "సభకి మేమిద్దరం ముందు వరసలో కూర్చుంటాం. నువ్వు వస్తే రా" అంది.

వెళ్ళాడు. ఆ రోజు సెట్టు వేరేవాళ్ళది. ఎవరో కుర్రాడు హలో హలో అంటుంటే పిల్లలు కొందరు వెనక్కి తిరిగి మావయ్యను చూసి, మొహాలు తిప్పుకున్నారు. ఆఖరి వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. ఆ పక్క కుర్చీలో ఒక ముసలాయన ఉన్నాడు. మనవడి చదువు కోసం పొరుగూరినుంచి బస్సెక్కి వచ్చాడట. ఇక్కడివాళ్ళు ఎవరో ఏమిటో ఆయనకు తెలియదు.

డ్రైవరు మాట్లాడాడు. పోయినసారి గొంతు తెగిన ఆవిడ మాట్లాడింది. బ్రెడ్డు పిల్ల పని పోతే పోనీ అని లేచి, తనే మాట్లాడింది. కూతురి వంతు వచ్చింది. లెక్క కాగితం చేత్తో పట్టుకుని, ఒక్కొక్కటే అడిగింది. మైకు ఎక్కడా తగ్గలేదు. అడిగిన ప్రతిదానికీ వేదిక మీదివాళ్ళు జవాబు చెప్పవలసి వచ్చింది. చెప్పలేనివి చెప్పలేమని ఒప్పుకోవలసి వచ్చింది. అంతా రికార్డులోకి ఎక్కింది. ఆ పిల్ల అంతసేపూ ఒక్కసారి కూడా సెట్టు ఉన్న మూలకు తిరగలేదు.

ముసలాయన ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నాడు. "ఏం అడిగిందండీ! నా మనవడి మాట కూడా కలిపి అడిగేసింది" అని మావయ్య మోకాలు తట్టాడు. "ఎవరి పిల్లోగానీ... మీకు తెలుసా?"

మా అమ్మాయేనండీ అనే మాట గొంతుదాకా వచ్చింది. అక్కడితో ఆగిపోయింది.

"అదిగో, ముందు వరసలో కూర్చున్నారే, ఆవిడ కూతురండీ" అన్నాడు మావయ్య. "వాళ్ళమ్మ పెంచింది."